డ్రైవరు లేకుండా వెంటపడే చిన్న కారు!

తెర మీది చక్రాలు – ఈ వారం ముచ్చట

కాకినాడ నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఈ వారం మన చక్రాలను అమెరికా దాకా దొర్లించింది. ఆయన ప్రశ్న రెండు ముక్కలు. ఒకటి సినిమాది, రెండోది ఇంటిది.

మొదటి ముక్క ఇదీ: "ఓ ఇంగ్లీషు సినిమాలో బస్సంత బండి కొండ రోడ్డు మీద పోతోంది. దాని వెనకాలే, బారెడు దూరంలో, ఒక చిన్న కారు. ముందు బండి ఎటు తిరిగితే అటు తిరుగుతూ బుద్ధిగా వస్తోంది. స్టీరింగు దగ్గర మాత్రం ఎవరూ లేరు! ఇది కెమెరా ట్రిక్కా? నా పక్క సీట్లో కూర్చున్న మిత్రుడు ఇది దెయ్యం సినిమాయేనని పందెం కాశాడు."

ఇక రెండోది: "డల్లాస్‌లో ఉన్న మా పెదనాన్నగారు రిటైరై అలాంటి బండే కొన్నారు. మా అక్క కాలేజీకి నడిపిన ఆటోమేటిక్ గేర్ల కారు ఇంట్లో ఊరికే పడి ఉందట. దాన్ని వెనక తగిలించుకుని పెద్దమ్మతో కలిసి దేశం చుట్టి వస్తానంటున్నారు. న్యూట్రల్లో పెడితే సరి, చక్రాలున్నాయి గనక అదే దొర్లుతుందని ఫోన్లో చెప్పారు. అంతేనాండీ?"

దెయ్యం పందెం ఓడిపోయిన మిత్రుడు కాఫీ ఇప్పించుగాక! ఆ బండి దెయ్యమూ కాదు, ట్రిక్కూ కాదు. కాని తమ్ముడూ, పెదనాన్నగారి సంగతి మాత్రం తేలిగ్గా తీసుకునేది కాదు. ఈ పేజీ చదవటం ఆపి ముందు ఒక ఫోను చేయండి. తొందరపడి బయల్దేరవద్దనండి. తర్వాత మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు.

ఫోను చేశారు కదా? ఇంక సంగతిలోకి వద్దాం.

మన హీరోలు షూటింగు గ్యాపులో విశ్రాంతి తీసుకునే కారవాన్ మీకు తెలిసిందే. అమెరికాలో అలాంటిది మామూలు సంసారులు కొనుక్కుంటారు. పడక, వంటపొయ్యి, ఫ్రిజ్, స్నానాలగది అన్నీ అందులోనే. దాన్ని మోటారు హోమ్ అంటారు. సెలవుల్లో అద్దెకు తీసుకుని గ్రాండ్ కాన్యన్‌కీ ఎల్లోస్టోన్‌కీ వెళ్ళొచ్చే తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. అంతా బాగానే ఉంది గాని ఒక్కటే చిక్కు. ఊరి బయట మకాం వేసి, నీళ్ళ గొట్టమూ కరెంటు తీగా తగిలించాక పాలపాకెట్ కావాలంటే? పాలపాకెట్ కోసం ఇల్లంతా కదిలించుకుని బజారుకి పోవాలి! ఆల్బర్ట్ బ్రూక్స్ తీసి నటించిన 'లాస్ట్ ఇన్ అమెరికా' (1985) చూసినవారికి ఈ తిప్పలు కాస్త తెలుస్తాయి. ఆ దంపతులు ఉద్యోగం వదిలి, ఉన్నదమ్ముకుని విన్నెబాగో బండెక్కుతారు. ఇక ఎక్కడికి పోవాలన్నా వాళ్ళకి ఆ ఒక్క బండే గతి.

అందుకే ఒక చిన్న కారును వెనక తగిలించుకుపోవటం. పెద్ద ఓడ వెనక తాడుకి కట్టిన చిన్న పడవలాంటిది గనక దాన్ని 'డింగీ' అంటారు. ఇంకో ముద్దుపేరు కూడా ఉంది, 'టోడ్'. లాగబడేది అనే ఇంగ్లీషు మాటా కప్ప అనే ఇంగ్లీషు మాటా ఒకేలా పలుకుతాయి. అలా పాపం కారు కాస్తా కప్పయి కూర్చుంది.

కందెన లేని ఇరుసు

ఇప్పుడు పెదనాన్నగారి 'న్యూట్రల్లో పెడితే సరి' అనే మాట దగ్గరికి వద్దాం. ఆ ఒక్క మాట నమ్మి గేరు బాక్సులు కాల్చుకున్నవాళ్ళు అమెరికాలో చాలామందే ఉన్నారు.

మామూలు ఆటోమేటిక్ గేరు బాక్సులో నూనెను అన్ని మూలలకీ పంపే పంపు ఒకటుంటుంది. అది ఇంజనుతో తిరుగుతుంది. ఇంజను ఆగిందా, పంపూ ఆగింది. కాని కారు దొర్లుతున్నంతసేపూ చక్రాలకి తగిలి ఉన్న గేర్లూ షాఫ్టులూ లోపల గిరగిరా తిరుగుతూనే ఉంటాయి. వాటికి నూనె అందదు. కందెన వేయని ఎడ్లబండి ఇరుసు సంగతి మీ తాతగారినడగండి. అది కీచుమంటుంది, వేడెక్కుతుంది, చివరికి అరిగి చస్తుంది. ఎడ్లబండి కనీసం కీచుమని చెబుతుంది. ఈ కారు గంటకి 100 కిలోమీటర్ల వేగంలో, గప్‌చిప్‌గా కాలిపోతుంది. న్యూట్రల్ అంటే ఇంజనుకీ చక్రాలకీ తెగతెంపులని మనం అనుకుంటాం. ఇంజను వైపు నుంచి చూస్తే నిజమే. చక్రాల వైపు నుంచి చూస్తే గేరు బాక్సులో సగం ఇంకా వాటితోనే కాపురం చేస్తోంది.

మరి ఏ కార్లు పనికొస్తాయి? చేత్తో గేరు మార్చే చిన్న కార్లలో చాలావాటికి చెల్లుతుంది, ఎందుకంటే వాటిలో తిరిగే గేర్లే నూనెను చిమ్ముకుంటాయి. అయినా అన్నింటికీ చెల్లదు. జీప్ రాంగ్లర్‌కి భేషుగ్గా చెల్లుతుంది. నాలుగు చక్రాలకీ శక్తి పంచే పెట్టె ఒకటి దాంట్లో విడిగా ఉంటుంది, దాన్నే న్యూట్రల్లో పెట్టేస్తే గేరు బాక్సుతో పనే లేదు.

అన్నట్టు, ఈ జాబితాలో మన చుట్టం ఒకడున్నాడు! 1985 నుంచి 1995 దాకా అమెరికాలో సుజుకి సమురాయ్ అనే బుల్లి జీపు అమ్మారు. టన్ను లోపు బరువు, విడిగా న్యూట్రల్ పెట్టుకునే పెట్టె. మోటారు హోమ్ వాళ్ళు దాన్ని ఎగబడి కొన్నారు. ఆ సమురాయ్ ఎవరో కాదు, మన సినిమాల్లో ఇన్‌స్పెక్టర్లు క్లైమాక్సు అయ్యాక దిగే మారుతి జిప్సీకి తోబుట్టువే! ఇక్కడ పోలీసు ఉద్యోగం, అక్కడ కప్ప ఉద్యోగం.

ఆటోమేటిక్‌లో కూడా చెల్లినవి లేకపోలేదు. హోండా సీఆర్‌వీని 2014 మోడల్ దాకా ఇలా లాగుకుపోవచ్చని కంపెనీవారే పుస్తకంలో రాశారు. అయితే దానికో పూజావిధానం ఉంది. ఇంజను ఆన్ చేయాలి, గేరును ముందుకి పోయే డీలో వేసి కొన్ని సెకన్లుంచాలి, న్యూట్రల్‌కి తేవాలి, ఇంజనును మూడు నిమిషాలు అలాగే తిరగనివ్వాలి, ఆ తర్వాతే ఆపాలి. గేర్లన్నీ ఆ మూడు నిమిషాల్లో నూనెలో మునిగి తేలతాయన్నమాట. 2015లో గేరు బాక్సు రకం మారింది, అనుమతీ పోయింది. పేరు అదే, ముఖం అదే, కాని లోపలి మనిషి వేరు! అందుకే పక్కింటాయన ఆ కారునే లాగాడు గదా అనే వాదన ఇక్కడ చెల్లదు.

ఎలక్ట్రిక్ కార్ల మోజున్న కుర్రాళ్ళు అడగబోయేది నాకు తెలుసు. వాటిలో మోటారు చక్రాలతో ముడిపడి ఉంటుంది. నేల మీద దొర్లిస్తే అది తిరిగి కరెంటు పుట్టిస్తుంది, వేడెక్కుతుంది. టెస్లావారయితే నాలుగు చక్రాలూ నేల మీదుండగా లాగవద్దని ఖరాఖండిగా చెబుతారు.

తీర్పు చెప్పేది నేనూ కాదు, మీ పెదనాన్నగారి స్నేహితులూ కాదు. కారు కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకం. అందులో 'రిక్రియేషనల్ టోయింగ్' అనే పేజీ వెతకమనండి. వద్దని ఉంటే వద్దు, అంతే!

ముక్కుతాడు

కారు సరయినదే అనుకుందాం. తాడుకట్టి లాగుకుపోయే వ్యవహారం కాదిది. ముందు బంపరు తొడుగు విప్పి, దాని వెనక కారు అస్థిపంజరానికి ఒక ఇనుప దిమ్మె బిగిస్తారు. ఒక్కో మోడలుకి ఒక్కో దిమ్మె. దీన్ని బేస్ ప్లేట్ అంటారు. మోటారు హోమ్ వెనకేమో చదరపు గొట్టంలాంటి కొక్కెం ఉంటుంది. ఈ రెంటి మధ్యా ఇంగ్లీషు ఏ అక్షరంలా రెండు చేతులున్న టో బార్. మంచిరకం టో బార్ చేతులు దుర్భిణీలా సాగుతాయి. కారును అటూ ఇటూగా నిలబెట్టి తగిలించినా, ముందు బండి నాలుగు గజాలు కదలగానే చేతులు పూర్తిగా సాగి టక్కున బిగుసుకుంటాయి. ఈ టో బార్ దాదాపు నేలకి సమాంతరంగా ఉండాలి. రెండు కొసల ఎత్తులో మూడంగుళాలకి మించి తేడా వస్తే బ్రేకు కొట్టినప్పుడు వెనక కారు ముందు బండి కిందికి దూరాలని చూస్తుంది, లేదా దాని నెత్తికెక్కాలని చూస్తుంది.

టో బార్ కాక రెండు ఉక్కు తీగలు, కింద కత్తెరలా అడ్డంగా వేసి తగిలించాలి. బార్ ఊడినా కారు రోడ్డు పాలు కాకుండా ఇవి పట్టుకుంటాయి.

తర్వాత దీపాలు. ముందు బండి బ్రేకు వేస్తే వెనక కారు ఎర్రదీపాలు వెలగాలి. ముందు బండి ఎడమకి తిరుగుతానంటే ఇదీ ఎడమ కన్ను కొట్టాలి. తీగ లాగి నేరుగా కలిపేస్తే ఒక బండి కరెంటు ఇంకో బండి వైరింగులోకి వెనక్కి పారి ఫ్యూజులు పేలతాయి. అందుకని కరెంటును ఒకే దిక్కున పోనిచ్చే డయోడ్లు మధ్యలో పెడతారు. అంత తంటా ఎందుకనుకునేవాళ్ళు అయస్కాంతంతో అతుక్కునే విడి దీపాలు కారు వెనక పెట్టుకుంటారు.

స్టీరింగు తాళం పడకూడదు. పడిందా, మలుపులో ముందు టైర్లు ఈడ్చుకుపోయి అరిగి చిరుగుతాయి. చాలా కార్లలో దీనికోసం తాళంచెవిని సగం తిప్పి ఉంచాలి. ఆ సగం తిప్పుడుకి బ్యాటరీ రోజంతా కారిపోతుంది, సాయంత్రం మకాం చేరాక కారు కదలదు. దానికీ విరుగుడుంది. పుస్తకం చెప్పిన ఫ్యూజు తీసేయటమో, ముందు బండి నుంచి ఒక చార్జింగు తీగ లాగటమో చేయాలి.

ఇంతమాత్రానికే సంతోషించి చాలామంది బయల్దేరిపోతారు. అసలు కథ ఇంకా ఉంది.

పదంతస్తుల మేడ మీంచి

ఒక చిన్న కారు బరువు పదకొండు, పన్నెండు వందల కిలోలు. మన పాత అంబాసిడరూ ఇంచుమించు అంతే. ముందున్న మోటారు హోమ్ ఎనిమిది, పది టన్నులు. అంత ఏనుగు వెనక ఈ పిల్ల ఒక లెక్కా అంటారు. వేగంలో చూడండి. గంటకి 90 కిలోమీటర్లతో పోతున్న కారులో ఎంత శక్తి దాగి ఉంటుందంటే, దాన్ని పదంతస్తుల మేడ మీంచి కింద పడేస్తే నేల తాకేటప్పుడు ఉండేటంత! పెదనాన్నగారు బ్రేకు వేసిన ప్రతిసారీ అదంతా వీపు వెనక నుంచి తోస్తుంది. చదును రోడ్డు మీద ఆగటానికి నాలుగు గజాలు ఎక్కువ పడుతుంది. కొలరాడో కొండల దిగుడులో, మలుపు మధ్యలో, వర్షంలో అయితే? ముందు బండి బ్రేకులు తన బరువునూ దాని బరువునూ మోస్తూ వేడెక్కి పట్టు తప్పుతాయి.

అందుకని వెనక కారు తన బ్రేకు తనే వేసుకోవాలి. డ్రైవరు లేడు గదా, ఎలాగ? డ్రైవరు సీటు ముందు, పెడల్ దగ్గర ఒక పెట్టె కూర్చోబెడతారు. ముందు బండి వేగం తగ్గటాన్ని అది పసిగట్టి తన ఇనుప చేత్తో పెడల్ నొక్కుతుంది. మెల్లిగా ఆగితే మెల్లిగా, గట్టిగా ఆగితే గట్టిగా. కారుకే శాశ్వతంగా బిగించే రకాలూ ఉన్నాయి. ఇంకో సంగతి గమనించారా? ఇంజను ఆగి ఉన్న కారులో రెండుసార్లు బ్రేకు నొక్కితే పెడల్ రాయిలా బిగుస్తుంది. ఇంజనిచ్చే సాయం అయిపోతుంది గనక. ఈ పెట్టెలు ఆ లోటుని కూడా చూసుకునేలా తయారుచేస్తారు.

దాంతోపాటు ఒక చిన్న పిన్ను. దీని తీగ కొస మోటారు హోమ్‌కి కట్టి ఉంటుంది. బార్ ఊడి, ఉక్కు తీగలూ తెగి కారు విడిపోయిందే అనుకోండి. పిన్ను ఊడుతుంది, కారు బ్రేకు దానంతటదే పడుతుంది. ఎదురుగా పిల్లలతో వస్తున్న ఇంకో కుటుంబానికీ, రోడ్డు మీద విడిపోయిన టన్ను ఇనుముకీ మధ్య అప్పుడు నిలబడేది ఆ పిన్ను ఒక్కటే.

చట్టం రాష్ట్రానికో తీరుగా ఉంటుంది. లాగే బండి 3,000 పౌన్లు, అంటే సుమారు 1,360 కిలోలు దాటితే దానికి సొంత బ్రేకు ఉండాలనే హద్దు చాలాచోట్ల ఉంది. అంతకు తక్కువ బరువు గనక అక్కర్లేదని వాదించేవాళ్ళుంటారు. వాళ్ళు పోలీసుతో వాదించి గెలవచ్చు, కొండ దిగుడుతో వాదించి గెలవలేరు!

ఈ బ్రేకు గొడవని బహు సరదాగా చూపించిన సినిమా ఒకటుంది. 1954లో విన్సెంట్ మినెల్లీ తీసిన 'ది లాంగ్, లాంగ్ ట్రెయిలర్'. లూసిల్ బాల్, దేశీ ఆర్నెజ్ కొత్త దంపతులు. అందులో లెక్క తిరగబడి ఉంటుంది, ముందు కారు, వెనక ఇల్లు. వెనక ఇంటి బ్రేకు సంగతి మరచిపోకూడదని ఆ కుర్రాడికి పాఠం చెబితే అదే అతనికి పీడకలవుతుంది. ఆ ఇల్లాలు దారిపొడుగునా నచ్చిన రాయినల్లా జ్ఞాపకంగా ఏరి మొగుడికి తెలియకుండా ఇంట్లో దాచేస్తుంది. తర్వాత కొండెక్కాలి! హాస్యంగానే తీశారు గాని, బరువు గురించి అంత బాగా చెప్పిన పాఠ్యపుస్తకం నేను చూడలేదు. అదే సినిమాలో బంధువుల వాకిట్లో రివర్సు చేయబోయి ఇంటి ముందుభాగాన్ని నుజ్జు చేసే ఘట్టమూ ఉంది.

రివర్సు అంటే గుర్తొచ్చింది. నాలుగు చక్రాల మీదా లాగే కారుతో వెనక్కి పోనేకూడదు. రెండు మూడడుగులు దాటితే ముందు చక్రాలు ఓ పక్కకి పూర్తిగా తిరిగిపోయి బార్ వంగుతుంది. పెట్రోలు బంకులోకి దూరేముందే బయటికి దారెటో చూసుకోవాలి. దారి మూసుకుపోతే కారు విప్పటమే గతి.

రాబిన్ విలియమ్స్ 'ఆర్వీ' (2006)లో హ్యాండ్ బ్రేకు పట్టు లేని మోటారు హోమ్ దానంతటదే దొర్లిపోతుంటే హాలంతా నవ్వులు. దాని తలకిందుల కథ నిజజీవితంలో జరుగుతుంది. కారు హ్యాండ్ బ్రేకు దించటం మరచిపోయి బయల్దేరతారు. ముందు ఇంజనుకి ఆ ఈడ్పు ఒక లెక్క కాదు, డ్రైవరుకి తెలియనే తెలియదు. పది గజాలకి పైగా వెనకాల టైర్లు పొగలు కక్కుతుంటే ఆయన పాటలు వింటూ పోతుంటాడు. ఈ మొత్తం వ్యవహారంలో భయపెట్టేది ఇదే. వెనకవాడి కష్టం ముందువాడికి అందదు. అందుకనే అనుభవజ్ఞులు వెనక ఒక కెమెరా పెట్టుకుంటారు, టైరు గాలి తగ్గితే మోగే పరికరం బిగిస్తారు. బయల్దేరిన ఐదు నిమిషాలకే ఓసారి ఆగి, నాలుగు చక్రాల దగ్గరా అరచెయ్యి చాచి వేడి చూస్తారు.

ఇక మన కాకినాడ తమ్ముడి మొదటి ముక్కకి చిన్న తోక. తెర మీద హీరో స్టీరింగు వదిలేసి హీరోయిన్ కళ్ళలోకి చూస్తూ అరచరణం పాడేస్తాడే, అక్కడా కారును ఇంకెవరో లాగుతుండవచ్చు. అయితే దాన్ని నేల మీద దొర్లించరు, నేలబారు ట్రెయిలర్ మీదికెక్కించి, దీపాలూ కెమెరాలూ చుట్టూ బిగించి లాగుతారు. పూర్వం స్టూడియోలో కారు కదలకుండానే వెనక తెర మీద రోడ్డు కదిలేది, ఇద్దరు కుర్రాళ్ళు బంపరు పట్టుకు ఊపేవారు.

మరి పెదనాన్నగారు ఏం చేయాలి? ముందు అక్కగారి కారులో ఇంజను ఏ చక్రాలను తిప్పుతుందో చూడమనండి. ముందు చక్రాలనే అయితే ఒక మార్గముంది. టో డాలీ అని రెండు చక్రాల చిన్న బండి దొరుకుతుంది. కారు ముందు చక్రాలను దానిపై కెక్కించి కట్టేస్తే వెనక చక్రాలు మాత్రమే దొర్లుతాయి, గేరు బాక్సు హాయిగా నిద్రపోతుంది. డాలీకీ బ్రేకులుండేలా చూసుకోవాలి, మకాంలో దాన్ని పెట్టుకునే చోటు వెతుక్కోవాలి. రెండో మార్గం నాలుగు చక్రాలూ పైకెక్కే ట్రెయిలర్. దాని బరువు కూడా మోటారు హోమ్ లాగగల లెక్కలో కలుస్తుంది. చాలా బండ్లకి వెనక కొక్కెం హద్దు 5,000 పౌన్లు, అంటే సుమారు 2,270 కిలోలు. ఆ లెక్కలో అన్నింటికన్నా బలహీనమైన భాగం ఎంత మోయగలదో అంతే మొత్తం బలం.

నన్నడిగితే మూడోది చెబుతాను. దిమ్మె, బార్, దీపాలు, బ్రేకు పెట్టె, కూలీ అన్నీ కలిపి వేల డాలర్ల ఖర్చు. ఊరికే పడి ఉన్న పాత కారుకి అంత పెట్టేకంటే, మొదటి ప్రయాణానికి కారు లేకుండానే వెళ్ళి, చేరిన ఊళ్ళో రెండు రోజులకి ఒక చిన్న కారు అద్దెకి తీసుకోమనండి. పెద్దమ్మగారికి ఆ బండి జీవితం నచ్చిందో లేదో తేలుతుంది. నచ్చితే అప్పుడు పుస్తకం ఒప్పుకునే కారును కొనుక్కోవచ్చు. నచ్చకపోతే ఖర్చు కలిసొస్తుంది.

తమ్ముడూ, పెదనాన్నగారు ఏమన్నారో మళ్ళీ ఉత్తరం రాయండి. వచ్చే వారం మన చక్రాలు మోటారు సైకిల్ మీదికి ఎక్కుతాయి. పక్కన తొట్టి ఉన్న బండిని నడపటం మామూలు బండికంటే ఎందుకు కష్టమో చూద్దాం.